రెండు మిస్డ్ కాల్స్, అరెకరం చెరుకు

బోధన్ చూసి రావాలని సరదాపడి బయల్దేరిన వాళ్ళను నేనింతవరకు చూడలేదు. నేనూ సరదాపడి వెళ్ళలేదు, మా కంపెనీ పంపింది. తూకం మిషన్లు అమ్మి, ఏడాదికోసారి వాటి తప్పొప్పులు సరిచూసి వచ్చే చిన్న కంపెనీ మాది, హైదరాబాదులో. చెరుకు ఆడే కాలంలో నిజామాబాద్, బోధన్ వైపు నాలుగు రోజులు తిరిగి రావడం పదేళ్ళుగా నా వంతు. నిజం చెప్పాలంటే ఆ నాలుగు రోజులే నాకు సెలవులు. సాయంత్రం ఎస్టీడీ బూత్‌లో నిలబడి మా మేనేజరుకి మూడు నిమిషాలు వినయంగా అబద్ధాలు చెబితే, మిగతా రోజంతా నాదే.

ఇన్‌కమింగ్ ఫ్రీ అయిన కొత్తలో ఆ సుఖానికి కాలం చెల్లింది. మా ఆఫీసులో అందరికంటే ముందు మొబైల్ ఫోన్ నాకిచ్చారు. "ఇక నువ్వెక్కడున్నా ఆఫీసులో ఉన్నట్టే" అన్నాడు మేనేజర్. అది ఆశీర్వాదమనుకుని రెండు చేతులా అందుకున్నాను. జేబులో పెడితే ఎవరికీ కనపడదని తోలు సంచీ కొని నడుముకి తగిలించుకున్నాను. మా ఆవిడ మాత్రం ఒకటే కోరింది. "రోజూ సాయంత్రం ఇంటికి రెండు మిస్డ్ కాల్స్ ఇవ్వండి. చేరారు, తిన్నారు, క్షేమంగా ఉన్నారు అనుకుంటాను. బిల్లు కాదు." ఈ రెండు మిస్డ్ కాల్స్ సంగతి పాఠకులు గుర్తుంచుకోవాలి. నేను గుర్తుంచుకోవలసినంత గుర్తుంచుకోలేదు.

బస్సులో

మేడ్చల్ దాటగానే మొదటి ఫోన్. "ఎక్కడున్నావ్?" "మేడ్చల్ సార్." తూప్రాన్‌లో రెండోది. "ఎక్కడున్నావ్?" "తూప్రాన్ సార్." రామాయంపేటలో మూడోది. బస్సు బోర్డు మీద రాసున్న ఊళ్ళ పేర్లే వరసగా అప్పజెబుతున్నా, ఏదో రాచకార్యం నడుపుతున్నట్టు ప్రతిసారీ లేచి నిలబడి, బస్సంతా వినేలా మాట్లాడాను. కూర్చుని కూడా మాట్లాడొచ్చని నాకు తట్టలేదు.

పక్క సీట్లో వేల్పూర్‌కి చెందిన ఒక పెద్దావిడ. పసుపు పండిస్తారట, హైదరాబాదులో కూతుర్ని చూసి తిరిగి వెళుతోంది. కామారెడ్డిలో నాలుగో ఫోన్ అయ్యాక, ఒళ్ళో ఉన్న జామకాయల్లో ఒకటి నా చేతిలో పెట్టి జాలిగా అడిగింది.

"ఎవలింట్ల జీతముంటున్నవు బిడ్డా?"

జీతముండటం అంటే పాలేరుతనం అని నాకు తెలుసు. "జీతం కాదమ్మా, ఉద్యోగం. ఇంజనీరుని" అన్నాను.

"ఏదైతేంది గని, గడియకోపారి పిలుస్తున్నడు. ఎనుకట మావోళ్లను గూడ పొద్దుగూకినంక ఇడిసిపెడ్తుండిరి."

జామకాయ తియ్యగానే ఉంది. నేను మాత్రం నిజామాబాద్ వచ్చేదాకా మళ్ళీ లేచి నిలబడలేదు, కూర్చునే మాట్లాడాను.

నిజామాబాద్

మా కోస్తా వైపు పొద్దున్నే ఇడ్లీ, పెసరట్టు. ఇక్కడ పొద్దున్నే ఖిచిడీ, పక్కన చింతపండు, నువ్వుల పుల్లని ఖట్టా. ప్లేటు పది రూపాయలు. ఖట్టాని సాంబారనుకుని గిన్నె ఎత్తి తాగేశాను. పదేళ్ళుగా వస్తున్నవాణ్ణి, ఆ పని చేయకూడదు. ఒక చేత్తో ఫోన్ పట్టుకుని మేనేజరుకి ఆ రోజు కార్యక్రమం చెబుతున్నాను మరి, రెండో చెయ్యి దాని ఇష్టం వచ్చినట్టు పోయింది. సర్వరు ఏమీ అనకుండా ఇంకో గిన్నె తెచ్చి పెట్టి, అక్కడే నిలబడి చూశాడు.

గంజ్ బజారులో ఒక పసుపు వ్యాపారి కాటా సరిచూడాలి. సగం బేరాలు తెలుగులో, సగం మరాఠీలో సాగుతున్నాయి. బస్తా కాటా మీద ఉండగా ఫోన్ మోగింది. "చెప్పండి సార్" అంటూ మోచెయ్యి దేనిమీదో ఆన్చాను. రెండు కిలోలు పెరిగింది. వ్యాపారి మరాఠీలో అరిచాడు, రైతు తెలుగులో నవ్వాడు. మిషన్‌లో తప్పేమీ లేదనీ, తప్పు నా మోచేతిదనీ తేలేసరికి ఇద్దరూ ఒకటై నన్ను కాటాకి నాలుగడుగుల దూరంలో నిలబెట్టారు.

నేను దిగే లాడ్జి కింద ఇస్మాయిల్ భాయి ఎస్టీడీ బూత్ ఉండేది. ఇప్పుడు రీచార్జి కార్డులమ్ముతున్నాడు. అద్దాల గదిలో ఉల్లిగడ్డ బస్తాలున్నాయి.

"ఎనుకట మీరు లైన్ల నిలవడి, ఏం మాట్లాడాలెనో కాగితం మీద రాసుకుంటుండిరి సాబ్. మీటర్ తిరుగుతదని" అన్నాడు. "గిప్పుడు ముందు ఫోన్ జేస్తున్నరు, ఎనుక సోచాయిస్తున్నరు."

అది నా గురించి కాదన్నట్టు నవ్వాను. అప్పుడే ఫోన్ మోగింది. మేనేజర్. చేసింది ఎందుకో ఆయనకే గుర్తు రాలేదు.

బోధన్

బోధన్ దగ్గర నేను వెళ్ళిన చక్కెర మిల్లు పేరు ఈ కథకి అక్కర్లేదు. కాటా ముందు ఎడ్లబండ్లూ ట్రాక్టర్లూ బారులు తీరి ఉన్నాయి. గాలి నిండా మరుగుతున్న చెరుకు రసం వాసన. మొదటి గంట కమ్మగా ఉంటుంది, సాయంత్రానికి టీ తాగినా అదే రుచి. టీ రెండు రూపాయలు, చక్కెర ఎంత వేసుకున్నా అడిగేవాడు లేడు.

అక్కడ నాకు పాత నేస్తం శామ్యూల్. మిల్లు ఫీల్డ్‌మన్. ఏ రైతు చెరుకు ఏ రోజు కొయ్యాలో ఆయనే చెప్పాలి, ఎందుకంటే కోసిన చెరుకు రెండు రోజుల్లో మిల్లుకి చేరకపోతే ఎండి బరువు తగ్గుతుంది. పర్మిట్ లేనిదే మిల్లు కాటా ఎక్కనివ్వదు. ఇదివరకు సైకిల్ మీద ఊరూరూ తిరిగి చిట్టీలు పంచేవాడు. ఈసారి సైకిల్ లేదు, చేతిలో ఫోనుంది, తిరగడానికి ఒక మోపెడ్ ఉంది.

"తిరుగుడు బందైంది సార్" అన్నాడు. "దాసుకునుడు గూడ బందైంది. ఆదివారం చర్చిల పాట పాడుతుంటె గూడ జేబు మోగుతది. పాస్టరు నా దిక్కే సూస్తడు."

ఇంతమంది రైతులకి ఫోన్లు చేస్తే బిల్లు కట్టలేరు కదా అన్నాను. నవ్వి, వాళ్ళ పద్ధతి చెప్పాడు. ఒక మిస్డ్ కాల్ అంటే మిల్లుకొచ్చి కనబడు. రెండంటే చెరుకుకి కత్తి పెట్టు. మూడంటే ఆగు. అక్షరమ్ముక్క అవసరం లేని ఆ పద్ధతి నాకు ఎంతో నచ్చింది. "భలే ఉంది" అని మెచ్చుకుని, ఐదు నిమిషాల్లో దాన్ని నాశనం చేశాను.

జరిగిందిది. సాయంత్రం నాలుగైంది, ఇంటికి మిస్డ్ కాల్స్ ఇవ్వాలి. నా ఫోనుకి మిల్లు దగ్గర సిగ్నల్ లేదు, బ్యాటరీ కూడా చివరి గీత మీదుంది. శామ్యూల్ ఫోన్ అడిగాను. ఎట్లా నొక్కాలో చూపిస్తానన్నాడు. నడుముకి తోలు సంచీ ఉన్న మనిషికి చూపించడమా? అక్కర్లేదన్నాను. కళ్ళజోడు బ్యాగులో ఉంది, అదీ తియ్యలేదు. ఇంటి నంబరు కొట్టి పచ్చ బటన్ బదులు ఎర్రది నొక్కాను, నంబరు పోయింది. పచ్చది నొక్కితే ఏవో నంబర్ల వరస వచ్చింది. పైనున్నదే నాది అయ్యుంటుందని దాన్ని నొక్కాను. మోగింది, కట్ చేశాను. మళ్ళీ నొక్కాను, మోగింది, కట్ చేశాను. ఇంట్లో మా ఆవిడ గుండె మీద చెయ్యి వేసుకుని ఉంటుందనుకుంటూ ఫోన్ తిరిగి ఇచ్చాను.

మర్నాడు పొద్దున

బోధన్‌లో నేను దిగిన లాడ్జిలో ఫోన్ ఛార్జింగుకి ఒకే ఒక్క ప్లగ్గు ఉంది, అది లాడ్జి మేనేజర్ టేబుల్ కింద. పొద్దున్న తొమ్మిదింటికి ఫోనుకి ప్రాణం రాగానే మా ఆఫీసు.

"నువ్వు బతికే ఉన్నావా?" అన్నాడు మా మేనేజర్. "మీ ఆవిడ రాత్రంతా నిద్రపోలేదట. మిస్డ్ కాల్స్ రాలేదని పొద్దున్నే నాకు ఫోన్ చేసి ఏడుస్తోంది."

"రెండూ ఇచ్చాను సార్. శామ్యూల్ ఫోను నుంచి."

"ఒక్కటీ రాలేదట."

క్షేమంగానే ఉన్నానని ఆవిడకి చెప్పమని ఫోన్ పెట్టేశాక నాకు నవ్వొచ్చింది. మంచం మీద కూర్చుని చెప్పులు తొడుక్కుంటుండగా నవ్వు ఆగిపోయింది. మా ఆవిడకి రాకపోతే, మోగిందెక్కడ?

ఆటో పట్టుకుని మిల్లుకి పోయాను. శామ్యూల్‌కి చెప్పగానే ఫోన్ తీసి నంబర్ల వరస చూశాడు. ఆ ఫోనులో పేర్లు లేవు, అన్ని నంబర్లూ ఆయనకి కంఠస్థం. ముఖం పాలిపోయింది.

"గంగవ్వ" అన్నాడు. "ఆమె పర్మిట్ వచ్చే వారం సార్. మొత్తం ఎకరంన్నర."

వెంటనే మూడు మిస్డ్ కాల్స్ కొట్టాడు. అంతలో అనుమానమొచ్చింది, నిన్నటి రెండుకి ఈ మూడు కలిపితే అయిదవుతుంది, అయిదుకి అర్థం ఏమీ అనుకోలేదు. మాట్లాడేద్దామని ఫోన్ చేశాడు. మోగింది, ఆమె కట్ చేసింది. మళ్ళీ మళ్ళీ చేశాడు, ప్రతిసారీ కట్ చేసింది. ఎత్తితే డబ్బులు పోతాయని ఆమె నమ్మకమట, ఎంత చెప్పినా ఎత్తదు. జిల్లాలో ఎక్కడున్నా ఆమె చేతిలో ఫోన్ మోగించగలం, ఒక్క మాట మాత్రం చెప్పలేం. శామ్యూల్ మోపెడ్ స్టార్ట్ చేశాడు, నేను వెనక ఎక్కాను.

వర్ని రోడ్డు

దారి పొడవునా కాలవ, పక్కన వరి మళ్ళు. మామూలప్పుడైతే పొగిడేవాణ్ణి. ఆ రోజు కనపడిన ప్రతి చెరుకు తోటా నిలబడి ఉందా, పడి ఉందా అనే చూశాను.

గంగవ్వది పడి ఉంది. అరెకరం నేల మీద వరసలుగా పరుచుకుంది. మరాఠీ కూలీలు పాడుకుంటూ కత్తులు ఆడిస్తున్నారు. గట్టు మీద అరవై ఏళ్ళ సన్నటి మనిషి, కొంగుకి ముడేసిన గుడ్డసంచీలో ఫోను. శామ్యూల్ దిగుతూనే అరిచాడు.

"ఆపుండ్రి! కత్తులాపుండ్రి! ఎవలు గొయ్యమన్నరవ్వా?"

"ఎవలేంది శామ్యూలు? నువ్వే గద రెండు కొట్టినవ్. చివర రెండు సున్నలున్నయ్, నీ నంబరే."

"మరి పొద్దటిసంది కొడ్తున్న, ఎత్తవైతివి!"

"ఎత్తితె పైసలు వోవా? లెక్కవెట్టిన, పన్నెండు కొట్టినవ్. పన్నెండంటె ఏందో ఎరుకలేదు. జల్ది గొయ్యమంటున్నడనుకొని ఇంకిద్దరు కూలోళ్లను వెట్టిన."

శామ్యూల్ తల పట్టుకున్నాడు. నేను చెప్పవలసిన మాట నేనే చెప్పాలి. "నిన్న కొట్టింది శామ్యూల్ కాదమ్మా, నేను" అన్నాను.

ఆమె నన్ను పైనుంచి కిందికి, తోలు సంచీ దాకా చూసింది. "నువ్వెవలో నాకు ఎరుకనే లేదు సారు. నా మీద నీకేం కోపం?" అంది.

అంత సిగ్గు నాకు జీవితంలో ఎప్పుడూ వెయ్యలేదు. మా ఇంట్లో రెండు మిస్డ్ కాల్స్ అంటే క్షేమంగా చేరాను, అన్నం తిన్నాను అని అర్థమని, అది మా ఆవిడ కోసం కొట్టిందని చెప్పాను. ఆమె మెల్లగా గట్టు మీద కూర్చుంది. కోసిన చెరుకు గడ ఒకటి ఒళ్ళోకి తీసుకుని చేత్తో నిమిరింది.

"మీ ఇంటికాడ రెండంటె క్షేమమా" అంది. "మా కాడ రెండంటె కత్తి. ఏడాది సంది నీళ్లువెట్టి సాదిన గద సారు. వారం దాంక గిట్ల ఎండల వుంటె ఏం మిగులుతది?"

ఏడవలేదు. తిట్టలేదు. తిట్టి ఉంటే నాకు కొంచెం తేలిగ్గా ఉండేది.

సుబ్బారావు గారి వాకిలి

ఉన్నది ఒకటే దారి. మర్నాటి పర్మిట్ ఉన్న రైతెవరైనా తన వంతు గంగవ్వకిచ్చి, ఆమె వంతు తను తీసుకోవాలి. మర్నాటి వంతు సుబ్బారావు గారిదని శామ్యూల్ అన్నాడు. భీమవరం పక్కనుంచి ముప్పై ఏళ్ళ కిందట వచ్చి స్థిరపడిన మనిషి. ఆ మాట వినగానే నాకు ప్రాణం లేచొచ్చింది. మాది తణుకు దగ్గర. ఇక ఈ వ్యవహారం నాకొదిలెయ్యమన్నాను.

ఆయన భోజనానికి కూర్చోబోతున్నాడు. మమ్మల్నీ కూర్చోబెట్టాడు. విస్తట్లో మా ఊరి ఆవకాయ, దాని పక్కన ఈ ఊరి జొన్నరొట్టె. ఆ రెండూ కలిపి తినొచ్చని నాకు నలభై మూడేళ్ళొచ్చేదాకా తెలియదు. రెండో రొట్టె దగ్గర అదను చూసి, "మాదీ ఆ వైపేనండి, తణుకు దగ్గర" అన్నాను.

"అయితే?" అన్నాడాయన.

దాని తర్వాతి మాట నేను ఆలోచించుకోలేదు. రొట్టె వైపు చూశాను. శామ్యూల్ అందుకుని జరిగింది జరిగినట్టు చెప్పాడు. నా ఎర్ర బటన్ సంగతితో సహా చెప్పాడు.

"ఊరి పేరు చెప్పి వంతులడక్కండి" అన్నాడు సుబ్బారావు గారు నాతో. "గంగవ్వకైతే ఇస్తాను. ఒక ఏడు కాలవ చివర నా మడికి నీళ్ళందలేదు. పైరు పోతుందని ఇక్కడే కూర్చుని ఏడిచానండి. అడక్కుండానే ఆవిడ తన నీళ్ళ వంతు రెండు రోజులు నాకొదిలేసింది. అప్పుడు ఫోన్లు లేవు. స్వయంగా వచ్చి చెప్పింది." తర్వాత నా విస్తట్లో ఇంకో రొట్టె వేశాడు.

మిల్లు ఆఫీసు

వంతు మారాలంటే కేన్ ఆఫీసరు సంతకం కావాలి. పర్మిట్ లేకుండా కోత ఎట్లా మొదలైందో ఎవరో ఒకరు రాసివ్వాలన్నాడు ఆఫీసరు. శామ్యూల్ సీజన్‌కి మాత్రమే పనిచేసే మనిషి, తప్పు ఆయనదని రాస్తే ఆ రోజే ఇంటికి పంపుతారు. కాగితం నేను తీసుకున్నాను. రాస్తుంటే టేబుల్ మీద నా ఫోన్ మోగుతోంది. అది మా మేనేజర్. నిజామాబాద్‌లో మధ్యాహ్నం రెండింటికి ఒక కొత్త కస్టమరు నా కోసం ఎదురు చూస్తున్నాడు. మిల్లు కాటా దగ్గర సిగ్నల్ లేదని నిన్న ఎంత బాధపడ్డానో, ఆఫీసరు గదిలో ఉన్నందుకు ఈ రోజు అంత బాధపడ్డాను. ఎత్తలేదు. ఏడుసార్లు మోగింది. ఎనిమిదోసారి ఆఫీసరే, "ఎవరైనా పోయారేమో చూడండి" అన్నాడు.

నేను రాసిందిది: "నా భార్యకు నా క్షేమ సమాచారము తెలియజేయు ఉద్దేశముతో, పొరపాటున గంగవ్వ గారి చెరుకు కోయించితిని. ఇందులో ఫీల్డ్‌మన్ తప్పు ఏమియు లేదు."

ఆఫీసరు పైకి చదివాడు. గుమాస్తాలు నవ్వారు, గుమ్మం దగ్గరి ప్యూను నవ్వాడు, ఆఫీసరు కళ్ళు తుడుచుకుని సంతకం పెట్టాడు. శామ్యూల్ ఒక్కడే నవ్వలేదు. బయటికొచ్చాక నా చెయ్యి పట్టుకుని టీ కొట్టుకి తీసుకెళ్ళాడు.

మేనేజరుకి తిరిగి ఫోన్ చేసి, ఇంకో రోజు ఇక్కడే ఉంటానన్నాను. "మరి నీకు ఫోన్ ఎందుకిచ్చినట్టు?" అని అరిచాడు. ఆ విషయం అప్పటికి నాకూ సరిగ్గా తెలియడం లేదు.

మర్నాడు మధ్యాహ్నం గంగవ్వ చెరుకు కాటా ఎక్కింది. నేను సరిచూసిన కాటానే, నేనే దగ్గర నిలబడ్డాను, మోచేతులు ఒంటికి అదుముకుని. ఒక పగలంతా ఎండలో పడి ఉన్నందుకు కొంత బరువు పోయింది. ఎంత పోయిందో ఆమె అంచనా ఆమెకుంది, నాతో చెప్పలేదు. మిగతా ఎకరం నిలబడే ఉంది, వచ్చే వారం వంతు ఇప్పుడు సుబ్బారావు గారిది కాబట్టి దాని వంతు ఆ తర్వాత వస్తుంది. వెళ్ళబోతూ నా నంబరడిగింది.

"చివర ఏముంటది?"

"రెండు ఏడులు."

ఫోను మీద 7 అంకె ఆకారం చూసుకుని, "రెండు కొడవళ్లు" అంది. "యాదికుంటది."

మళ్ళీ ఆఫీసు

ఇంటికొచ్చాక మా ఆవిడ మూడు రోజులు మాట్లాడలేదు. ఆఫీసులో నా మూలంగా కొత్త నియమం వచ్చింది. అప్పటికి ఇంకో ఆరుగురికి ఫోన్లిచ్చారు. ఏ ఫోనైనా మూడో రింగు లోపల ఎత్తాలి. మిస్డ్ కాల్ వస్తే ఐదు నిమిషాల్లో తిరిగి చెయ్యాలి. ఈ నియమం చదివినప్పుడల్లా ఆరుగురూ నా వైపు చూసేవారు.

నెల తర్వాత సోమవారం మీటింగులో, మేనేజర్ అదే నియమం మళ్ళీ వివరిస్తుండగా నా ఫోన్ ఒకసారి మోగి ఆగింది. మళ్ళీ మోగి ఆగింది. తెలియని నంబరు. రెండు. ఎక్కడ ఎవరి పంట పడిందో, ఈసారి నేనేం చేశానో. అందరి ముందే లేచి నిలబడి తిరిగి చేశాను. చాలాసేపు మోగాక ఎత్తారు.

"ఎవరండీ? ఏమైంది?"

"నేను సారు, గంగవ్వను. నువ్వెందుకు జేసినవ్ మల్ల? కొడవళ్లు సూసి, నీదేనని ఎత్తిన. పైసలు దండుగ."

"రెండు మిస్డ్ కాల్స్ వచ్చాయమ్మా. ఏమైందోనని..."

"ఏం గాలె. మిగిలిన చెరుకంత కాంటాకెక్కింది. తిన్న. మంచిగున్న. గదే కొట్టిన. రెండంటె గదేనని నువ్వే జెప్పినవ్ గద." పెట్టేసింది.

నేను ఫోన్ పట్టుకుని అట్లాగే నిలబడ్డాను. మేనేజర్ అడిగాడు, "ఎవరు? కస్టమరా?"

"కాదు సార్. క్షేమంగా ఉన్నారట."

"క్షేమంగా ఉంటే, నువ్వు తిరిగి ఫోన్ ఎందుకు చేశావు?"

గంగవ్వ అడిగిందీ అదే. కూర్చున్నాను.